మెడ వెనక కొండీ

కరీమున్ కట్టిన నల్లపూసలు తెగవని దాచేపల్లి రోడ్డు మీద నాలుగైదు ఊళ్ళకు తెలుసు. కొత్త కోడలు మెట్టినింట అడుగుపెట్టి వారం తిరక్కుండానే అత్తగారు ఆ పిల్లను వెంటబెట్టుకుని వచ్చి, పరుపుల బుడే ఇల్లెక్కడని వాకబు చేసేది. బుడే పరుపులు కుట్టడం మానేసి ఆరేళ్ళు దాటింది. దూది ఏకించి పరుపు కుట్టించుకునే ఓపిక ఇప్పుడెవరికుంది, అందరికీ ఫోము పరుపులే కావాలి. ఆ ఇల్లు నడిచేది బుడే పెళ్ళాం కరీమున్ పదివేళ్ళ మీద. అయినా ఇంటికి పేరు మాత్రం మొగుడిదే ఉండిపోయింది. దానికి కరీమున్ ఎప్పుడూ బాధపడలేదు. ఆమె బాధలు వేరే ఉన్నాయి, వాటి దగ్గరికే వస్తున్నాను.

పని చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. వేలెడు తీగ ముక్క తుంచి, పూస ఎక్కించి, కొసను గుండ్రముక్కు పట్టకారుతో వంచితే కన్ను వస్తుంది. దాన్ని పక్క పూస కన్నులోకి దూర్చి, మిగిలిన తోకను కన్ను మొదట్లో చుట్టి, కొసను నొక్కేసి, మెడకు గీరుకోకుండా ఆకురాయితో రుద్దాలి. అదే కొండీ. ఒక్కో గొలుసుకు నూటికి పైగా కొండీలు. బజార్లో దొరికే గొలుసులకు అసలు చుట్టే ఉండదు, వంచి వదిలేస్తారు. ఒక చుట్టు చుట్టేవాళ్ళు కాస్త నయం. కరీమున్ మూడు చుట్టేది. చుట్టి, గొలుసును గుంజకున్న మేకుకు తగిలించి, రెండు చేతులా పట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగి చూసేది. గిత్తను పట్టి ఆపుతున్నట్టు ఆవిడ అట్లా వాలుతుంటే వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వినా, గొలుసు మాత్రం కళ్ళకద్దుకుని తీసుకునేవాళ్ళు.

ఈ పని ఆమెకు తల్లి మాబూబీ నేర్పింది. చిత్రమేమిటంటే మాబూబీ కట్టిన గొలుసులు తెగేవి. ఎక్కడపడితే అక్కడ కాదు, మెడ వెనక, జడ కిందకు వచ్చే ఒక్క కొండీ దగ్గరే. మిగతా వాటన్నిటికీ రెండేసి చుట్లు చుట్టి, ఆ ఒక్కదాన్ని మాత్రం ఆవిడ ఒట్టిగా వంచి వదిలేసేది. గట్టిగా లాగితే కన్ను విచ్చుకుని గొలుసు ఊడి వచ్చేది.

"ఎందుకమ్మా దాన్ని అట్టా వదిలేస్తావు" అని కరీమున్ పదేళ్ళప్పుడు ఒకసారి, పెళ్ళయ్యాక ఒకసారి అడిగింది.

"మాయమ్మ అట్టానే కట్టింది. అది అట్టానే ఉండాల" అనేది మాబూబీ. అంతకుమించి ఆవిడ నోట్లోంచి ముక్క రాలేది కాదు. మన ఆడవాళ్ళు పని నేర్పేటప్పుడు చెయ్యి చూపిస్తారు గాని కారణం చెప్పరు. ఆ కారణం చెప్పేవాళ్ళకైనా తెలుసో లేదో అనుమానమే. తల్లి పోయాక కరీమున్‌కు తనంతట తనకే ఒక కారణం తోచింది. గొలుసు ఊడితే బాగు చేయించుకోవడానికి మళ్ళీ తన గుమ్మానికే వస్తారని అమ్మ వేసిన ఎత్తు అనుకుంది. తల్లి మీద కాస్త చిన్నచూపు కూడా కలిగింది. అయినా చెయ్యి అలవాటు పడింది కాబట్టి చాలా ఏళ్ళు తనూ అట్లాగే కట్టింది.

ఆ పద్ధతి మానేసింది మూడేళ్ళ కిందట, బిందుమాధవి వల్ల.

బిందుమాధవి పొదిలి పిల్ల. వెనక వీధి రాఘవమ్మ కోడలిగా, చైతన్యకృష్ణ భార్యగా ఈ ఊరొచ్చింది. పెళ్ళయిన మూడో నెలలో మిరపకాయల టిక్కీ బస్తా దింపుతుంటే దాని తాడు తగిలి, కరీమున్ కట్టిన ఆ పిల్ల నల్లపూసలు ఊడిపోయాయి. ఆ వారంలోనే చైతన్యకృష్ణ బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వాడు తాగి పడ్డాడని ఊరందరికీ తెలుసు. అయితే నల్లపూసలు తెగితే మొగుడికి కీడని కూడా ఊరందరికీ తెలుసు. ఆ ఒక్క విషయంలో రామాలయం వీధికీ మసీదు వీధికీ తేడా లేదు. రాఘవమ్మ కోడల్ని చీపురుతో కొట్టలేదు గాని, మాటలతో అంతకు తక్కువ చెయ్యలేదు.

"పిన్నీ, నన్ను బతకనిచ్చేట్టు లేరు" అని బిందు వచ్చి ఏడ్చింది. "ఇంకెప్పుడూ తెగకుండా కట్టు. చచ్చినా తెగకూడదు."

కరీమున్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తన చేతి పని వల్ల ఒక ఆడపిల్ల కాపురం మీదికి వచ్చిందే అనుకుంది. మర్నాడే బస్సెక్కి ఒంగోలు పోయి, కవరింగ్ సామాన్ల కొట్టులో బంగారుపూత పూసిన స్టీలు తీగ చుట్ట తెచ్చింది. గట్టి తీగ. వంచుతుంటే పట్టకారు అరచేతిలో దిగబడి రక్తం చిమ్మింది. అన్ని కొండీలకూ మూడేసి చుట్లు చుట్టింది. మెడ వెనక కొండీ దగ్గరికి వచ్చేసరికి తల్లి గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగింది. ఆగి, దానికీ మూడు చుట్టింది.

నల్లపూసలకు ఈ ఊళ్ళలో కొక్కెం పెట్టరు. కొక్కెం ఉంటే తీసి పెట్టుకునే సొగసు గొలుసు అవుతుంది. గొలుసు మెడలో వేశాక, మొగుడు బతికున్న ఆడది వెనక నిలబడి, మెడ మీదే ఆఖరి కొండీ బిగించాలి. ఇక అది ప్రాణమున్నంత కాలం ఆ మెడలోనే. బిందుకు కరీమునే నిలబడి బిగించింది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి పెట్టి తడిమి చూసుకుని, కళ్ళు తుడుచుకుని నవ్వింది.

ఆ నవ్వుతోనే కరీమున్ పేరు పైకొచ్చింది. మూడేళ్ళలో డెబ్బై మందికి పైగా ఆడవాళ్ళు ఆ తీగతో కట్టించుకున్నారు. వాళ్ళలో కరీమున్ కూతురు నస్రత్ కూడా ఉంది, ఆ పిల్ల అత్తతో, బిడ్డతో ఈ ఊళ్ళోనే కాపురం. నస్రత్ మొగుడు కలీం సిమెంటు లారీ నడుపుతాడు. వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. రోడ్డు మీద మొగుడున్న పెళ్ళానికి నల్లపూసల మీద ఎంత బెంగ ఉంటుందో చెప్పక్కర్లేదు.

నస్రత్, బిందు ఇద్దరూ రోడ్డవతల జిన్నింగు మిల్లులో పనికి పోయేవాళ్ళు. పత్తిలోంచి గింజ తీసే మిషన్ల వరసలో పక్కపక్కనే నిలబడేవాళ్ళు. మొన్న జనవరిలో, పత్తి ముమ్మరంగా దిగుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం మిషనుకు పత్తి అడ్డుపడింది. దాని మీద ఉండాల్సిన రేకు మూత ఎప్పుడో తీసి పక్కన పడేశారు. బిందు వంగి ఆ ముద్దను లాగబోయింది. జాకెట్టులో దోపుకున్న గొలుసు జారి కిందికి వేలాడింది. తిరుగుతున్న ఇరుసు దాన్ని అందుకుంది.

నస్రత్ సాయంత్రం పుట్టింటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా తల్లి ముందు కూలబడి చెప్పింది.

"స్విచ్చి కట్టేశారమ్మా. అప్పటికే రెండు చుట్లు తిరిగింది. నలుగురం పట్టుకుని లాగాం. నేను పళ్ళతో పట్టుకుని లాగా. కత్తెరేస్తే కత్తెర వంకరపోయింది. ఆఫీసు రూములోంచి కటింగ్ ప్లేయరు తెచ్చేసరికి ఇంకేముంది." ఆ పిల్ల పెదవి చిట్లి ఉంది. "తెగలేదే అమ్మా. ఎంత లాగినా తెగలా."

తప్పు పట్టడానికి అన్న మాట కాదది. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. కరీమున్ మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తల్లి మాబూబీ నలభై ఏళ్ళు ఒట్టిగా వంచి వదిలేసిన కొండీ ఎందుకో ఆమెకు అప్పుడు తెలిసింది. గేదె కొమ్ముకు తగులుకున్నా, మోటారు బెల్టు పట్టుకున్నా, గడ్డిమోపు తాడు చిక్కుకున్నా గొలుసు పోవాలి గాని మెడ పోకూడదు. కట్టే మనిషి ఆ ఒక్క కొండీని కావాలనే ఓడిపోయేలా వదలాలి. అది తెలియక తను దాన్ని గెలిపించింది. ఎవరికీ తెలియని ఈ సంగతి తనకు మాత్రమే తెలిసినందుకు కరీమున్‌కు భయమేసింది. ఏడుపు రాలేదు. ఆ రాత్రి కంచం ముట్టకుండానే లేచిపోయింది.

"నువ్వు కట్టావు, మిల్లు పట్టింది" అన్నాడు బుడే. "మిల్లోడు రేకు తీసేసినందుకు వాణ్ణెవరూ అడగలా. నువ్వెందుకు కుమిలిపోతావు."

బుడే మంచివాడే. మంచివాళ్ళు చెప్పే మాట ఒక్కోసారి దేనికీ అక్కరకు రాదు.

పదకొండో రోజు దాటాక కరీమున్ రాఘవమ్మ ఇంటికి వెళ్ళింది. ఇంతకాలం ఒకరినొకరు వదినా అని పిలుచుకున్నవాళ్ళు. గడప దాటకుండా చూరు కిందే కూర్చుంది.

"వదినా, తప్పు నాది" అంది. "మాయమ్మ కట్టినట్టు కట్టుంటే ఆ గొలుసు ఊడిపోయేది. పిల్ల బతికేది. నేనే తెగకుండా కట్టా."

చీవాట్లు పెడుతుందనుకుంది. పెడితే బాగుండుననే వెళ్ళింది. రాఘవమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"అట్టా అనమాక వదినా. తెగలా కాబట్టే నా కోడలు పుణ్యస్త్రీగా పోయింది. ప్లేయరుతో కోసినచోట పసుపుదారం ముడేసి, మళ్ళీ మెళ్ళో వేసే సాగనంపాం. పసుపుకుంకాలతో పోయే అదృష్టం ఎంతమందికుంటది. నీ చేతి చలవే అది."

రాఘవమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగి, గొంతు తగ్గించింది.

"ఏడాది తిరిగాక వీడికి మళ్ళీ పిల్లను చూడాల గదా. ముప్ఫై కూడా నిండలా వాడికి. ఆ వచ్చే పిల్లకీ నువ్వే కట్టాల. ఇంకొకళ్ళ చేత కట్టించను."

అన్నది రాతిగుండెతో కాదు. రాఘవమ్మ నిజంగానే ఏడుస్తోంది. ఏడుస్తూనే అంది. కరీమున్ లేచి ఇంటికి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. చేతిసంచిలో పట్టకారు, కటింగ్ ప్లేయరు, పాత రాగితీగ చుట్ట. డెబ్బై మెడలు. ఒక్కో మెడ దగ్గరా ఒక్క కొండీ మారిస్తే చాలు, పది నిమిషాల పని, ఊరికే చేస్తానంది. ఎవరికైనా ఇంతకంటే తేలిక పని ఉంటుందా అనుకుంది. ఆడవాళ్ళ సంగతి యాభై ఏళ్ళొచ్చినా ఆమెకు తెలియలేదనుకోవాలి, లేదా తెలిసి కూడా ఆశ పడిందేమో.

ఆ డెబ్బై మందిలో ఒకతైన సుబ్బరావమ్మ కల్లంలో పదిమంది కూలీలతో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకు దగ్గుతూ కరీమున్ చెప్పిందంతా చివరిదాకా విని, పక్కవాళ్ళకేసి చూసి నవ్వింది.

"బాగానే ఉంది ఎత్తు. తెగని గొలుసు కట్టి డెబ్బై మంది దగ్గర పేరు తెచ్చుకున్నావు. ఇప్పుడు తెగే గొలుసు కడితే, రెండు నెల్లకోసారి మేము నీ గుమ్మం తొక్కాల."

కూలీలందరూ నవ్వారు. తల్లి గురించి తను అనుకున్న మాటే ఇది. అదే మాట ఇప్పుడు తనకు వచ్చి తగిలితే కరీమున్ తల దించుకుంది.

"కాదు సుబ్బరావమ్మా. ప్రాణం పోద్ది."

"తెగితే మాయాయన ప్రాణం పోదా" అంది సుబ్బరావమ్మ. ఈసారి నవ్వలేదు. "అది చెప్పు ముందు."

నల్లపూసలకూ మొగుడి ప్రాణానికీ సంబంధం లేదని కరీమున్ మాత్రం గుండె మీద చెయ్యి వేసుకుని అనగలదా. తన మెడలో ఉన్నది పొరపాటున తగిలినా ఉలిక్కిపడే మనిషి. నాలుగు రోజులు తిరిగింది. కొందరు మంచినీళ్ళిచ్చి పంపారు. కొందరు తలుపు దగ్గరికే రాలేదు. మసీదు వీధిలో కొత్తగా పెళ్ళయిన నజ్మీన్ ఒక్కతే పాపం ఒప్పుకుని వీపు తిప్పి కూర్చుంది. గంట గడవక ముందే అత్త ఆ పిల్లను రెక్క పట్టుకుని లాక్కొచ్చి, ఎట్లా ఉందో అట్లా చేసి పెట్టమంది. కరీమున్ చేసి పెట్టింది.

అంతటితో అయిపోతే బాగుండేది. మిల్లు లాగినా తెగలేదట అన్న మాట ఊళ్ళ మీద పడింది. చావు సంగతి వెనక్కి పోయి, గొలుసు సంగతి ముందుకొచ్చింది. దాచేపల్లి నుంచి ఒక ఆటోలో ముగ్గురు ఆడవాళ్ళు దిగి, 'ఆ మిల్లులో పిల్లకు కట్టినట్టే' కట్టమన్నారు. కరీమున్ కట్టనంది. బతిమాలారు. చేతులు వణుకుతున్నాయని అబద్ధమాడి పంపింది. స్టీలు తీగ చుట్టను బియ్యం డబ్బా వెనకకు తోసేసి, పని మానేసింది.

ఇన్ని మెడల్లోనూ ఆమె కంటికి కునుకు లేకుండా చేసింది ఒక్కటే. నస్రత్ మెడ. మిల్లు నాలుగో రోజే తెరిచారు. ఆడవాళ్ళందరికీ ఖాకీ కోట్లు ఇచ్చారు. మిషన్ల ఉడుకులో గుండీలు పెట్టుకునే నాథుడు లేడు. రేకు మూత వేశారు, వేస్తే మిషను నెమ్మదిగా తిరుగుతోందని రెండు రోజుల్లో మళ్ళీ తీసేశారు. బిందు నిలబడే మిషను దగ్గర ఇప్పుడు నస్రత్‌ను నిలబెట్టారు.

"మానెయ్యవే" అంది కరీమున్.

"మానేసి ఏం తినమంటావు. లారీ పని ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు."

"పోనీ గొలుసన్నా తీసి పెట్టి పో."

నస్రత్ తల్లి వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఆయన ఘాట్ రోడ్డు మీద ఉంటే నేను మెడ బోసి పెట్టుకోవాలా అని ఆ చూపు. కొండీ మార్పించుకోమని కరీమున్ తరవాత పదిసార్లు అడిగింది. పదిసార్లూ అదే చూపు.

దాంతో కరీమున్ తన జన్మలో చెయ్యని పని చేసింది. కన్నకూతుర్ని మోసం చేసింది. ఒక ఆదివారం నస్రత్ తలకు నూనె రాస్తూ, "మెడ వెనక తీగ కొస లేచిందే, ఎట్టా గీరుకుపోయిందో చూడు, కాస్త రుద్దుతానుండు" అంది. నస్రత్ తల వంచింది. కరీమున్ కొంగు అడ్డం పెట్టి, స్టీలు కొండీ కత్తిరించి, ఆ స్థానంలో రాగితీగ ముక్క పెట్టి, కన్ను వంచి వదిలేసింది. చుట్టలేదు. చుట్టకుండా వదిలేయడానికి చెయ్యి ఒప్పుకోలేదు, వేళ్ళు తమంతట తామే చుట్టబోయాయి. వాటిని బలవంతాన ఆపింది. పైన నూనె చేత్తో తుడిచి, "అయిందమ్మా" అంది. ఆ రోజు ఎన్నాళ్ళకో ఆమె కడుపునిండా అన్నం తింది.

రెండు వారాలు గడిచాయి. ఒక పొద్దున పదింటికే, మధ్యలో పని వదిలేసి, నస్రత్ పుట్టింటికి వచ్చింది. కోటు గుండీలు ఊడి ఉన్నాయి. తలంతా దూది. గుప్పిట్లో నల్లపూసలు. మెడ చుట్టూ వాత పెట్టినట్టు ఎర్రటి చార.

కరీమున్‌కు చూడగానే అర్థమైంది. గుంజ పట్టుకుని నిలబడింది.

"ఇరుసు లాగిందా."

"లాగింది. ఊడిపోయింది" అంది నస్రత్. "ఆయన ఫోను కలవట్లా."

కరీమున్ కూతుర్ని కావలించుకుంది. మెడ మీది చారను వేళ్ళతో తడిమింది, ముద్దు పెట్టుకుంది. బతికొచ్చావే నా తల్లీ అని ఏడ్చింది. అమ్మా, నువ్వు అట్టా ఎందుకు కట్టేదానివో ఇప్పుడు చూడవే అని పైనున్న మాబూబీకి చెప్పుకుంది. ఇన్ని రోజుల తరవాత ఆమె గుండె మీద బరువు దిగినట్టయింది. అది ఎంతసేపో నిలవలేదు. నస్రత్ ఆమె చేతుల్ని విడిపించుకుని మళ్ళీ ఫోను నొక్కింది. స్విచ్చాఫ్.

ఆ పగలు ఆ ఇంట్లో ఎట్లా గడిచిందో చెప్పడం కష్టం. నస్రత్ గోడకు ఆనుకుని కూర్చుని, నిమిషానికోసారి ఫోను చేస్తూ ఉంది. చావు తప్పించుకు వచ్చిన పిల్ల, తన చావు మాట ఒక్కసారి కూడా తలుచుకోలేదు. బుడే లారీ ఓనరు ఇంటికి పరుగెత్తాడు. లోడు దింపి బయల్దేరాడని మాత్రం తెలిసింది. మధ్యాహ్నం నమాజు వేళ దాటింది. నస్రత్ చేతులు చల్లబడ్డాయి. కరీమున్ వాటిని రుద్దుతూ, అల్లుడికి ఏదైనా అయితే కూతురు తన మొహం చూడదని, తనను తనే చూసుకోలేదని అనుకుంది. రాగితీగకూ లారీకీ సంబంధం లేదని తనకు తనే చెప్పుకుంది. చెప్పుకుంటూనే ఆ ఫోను వంకే చూస్తూ కూర్చుంది.

నాలుగింటికి కలీం ఫోను వచ్చింది. ఛార్జింగ్ అయిపోయిందట. ఎక్కడో దాబాలో పెట్టుకుని చేస్తున్నాడు. ఏంటి ఇన్నిసార్లు చేశావని విసుక్కున్నాడు. నస్రత్ ఏమీ లేదంది. ఫోను పెట్టేసి చాలాసేపు మొహం కడుక్కుంది. తరవాత వచ్చి తల్లి ఎదురుగా కూర్చుని, గుప్పిట విప్పి గొలుసు చాప మీద పెట్టింది. గొలుసంతా నిక్షేపంలా ఉంది. చివర విచ్చుకుపోయిన రాగి కన్ను వేలాడుతోంది.

కొండీలు చేసే ఇంట పుట్టిన పిల్లకు చెప్పేదేముంది.

"ఇది నీ పనేనా."

"నా పనే."

"తల అంటుతా తల అంటుతా చేశావా."

కరీమున్ తల ఊపింది. "అట్టా చెయ్యబట్టే నువ్వు నా ఎదురుగా కూర్చున్నావు. నీ మెడ చూసుకో ఒకసారి. అది తెగకపోతే ఈపాటికి నీకు ఆఖరి నీళ్ళు పోస్తా ఉండేదాన్ని."

నస్రత్ విచ్చుకుపోయిన రాగి కన్నును వేలితో నొక్కి చూసింది. మాట్లాడినప్పుడు ఆ గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

"బిందు గొలుసు తెగలా. వాళ్ళాయన గుండ్రాయిలా తిరుగుతున్నాడు. నాది తెగింది. ఆరు గంటలు నేను ఎట్టా చచ్చానో నీకు తెలుసా. నేను పోతే నా ఒక్కదాంతో పోద్ది. ఆయన పోతే నేను, పిల్ల, ఆ ముసలి అత్త, అందరం పోయినట్టే. నాకేది కావాలో నన్నడక్కుండా నువ్వెట్టా నిర్ణయిస్తావు."

లేచి, బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి, స్టీలు తీగ చుట్ట తీసింది. అది అక్కడ ఉందని ఆ పిల్లకు ఎప్పుడు తెలిసిందో. గొలుసు మెడలో వేసుకుని, రెండు కొసలూ వెనక్కి తెచ్చి పట్టుకుని, తల్లికి వీపు తిప్పి కూర్చుంది.

"బిగించు. పొద్దుగూకేలోపు మెడలో ఉండాల."

"నా చేత్తో నేను బిగించలేనే."

"నువ్వు కాకపోతే నజ్మీన్ వాళ్ళత్త బిగిస్తది. ఆవిడకి రాదు, ఎట్టా పడితే అట్టా మెలేసి గుచ్చుకునేట్టు పెడతది. అయినా వేయించుకుంటా. ఇంక ఈ గుమ్మం తొక్కను." మెల్లగా అంది. "బిగించమ్మా. మూడు చుట్లు. వేలు పెట్టి లెక్క చూసుకుంటా."

కరీమున్ తీగ తుంచింది. ఏం చేస్తుంది మరి. కూతురు మెడ మీది చార సాయంత్రపు వెలుగులో ఇంకా ఎర్రగా ఉంది. దానికి తగలకుండా కన్ను వంచి, రెండో కన్నులోకి దూర్చింది. ఒక చుట్టు చుట్టింది. నస్రత్ వేలు వెనక్కి వచ్చి తడిమింది. రెండో చుట్టు. వేలు మళ్ళీ తడిమింది. మూడో చుట్టు దగ్గర కరీమున్ ఆగింది, అక్కడైనా వదులుగా వదిలేద్దామనుకుంది. వేలు కదలకుండా అక్కడే ఉంది. మూడో చుట్టు కూడా చుట్టింది. పని చెడగొట్టడం ఆమెకు చేత కాలేదు. కొస నొక్కింది, కూతురికి గుచ్చుకోకుండా ఆకురాయితో నున్నగా రుద్దింది. ఇంత చక్కగా ఏ కొండీ ఆమె ఎప్పుడూ బిగించలేదు. అది చూసి ఆమెకు తన చేతులు నరుక్కోవాలనిపించింది.

నస్రత్ రెండు చేతులా గొలుసు పట్టుకుని బలంగా లాగి చూసుకుంది. తృప్తిగా నిట్టూర్చి, ఇటు తిరిగి తల్లి మోకాలి మీద చెయ్యి వేసింది.

"రేపు ఆరింటికే షిఫ్టు" అంది. "పగలంతా పోయింది. రేపు కూడా పోకపోతే తీసేస్తారు."

కరీమున్ ఇక వద్దనలేదు. చాప మీదున్న కటింగ్ ప్లేయరు తీసి, కొంగుతో తుడిచి, కూతురు కోటు జేబులో పెట్టబోయింది.

"ఇది నీ దగ్గరుంచుకో. ఎప్పుడూ జేబులోనే ఉంచుకో. పక్కనున్న పిల్లలకి కూడా చెప్పు."

"లోపలికి రానివ్వరమ్మా" అంది నస్రత్, చెప్పులు వేసుకుంటూ. "ఇనుప ముక్క మిషన్లో పడితే పత్తికి నిప్పంటుకుంటదని గేటు దగ్గరే అందరి జేబులూ తడిమి తీసేసుకుంటారు."